పందిరి వేసిన ఇంటివాళ్లు నడవరు

భీమిలి,
17 నవంబరు 2024

గిడ్డత్తకు,

నీ మేనకోడలు సుజన దండాలు పెట్టి రాస్తున్నది. దండాలు నీ ఒక్కదానికే, మా నాయనకు లేవు. నిన్న ఫోనులో ఆయన నన్నేమన్నాడో పక్కనే ఉన్నావు కాబట్టి నువ్వూ విన్నావు. "డిగ్రీ చదివిస్తే కొండలెంబడి తిరుగుతాండావంట, ఎవరెవరితోనో! ఆ పని ఇడిసిపెట్టి ఇంటికి రా!" అని అరిచి పెట్టేశాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన జేబులోనే ఉంటుంది. నీతో మాట్లాడాలన్నా స్పీకరు పెట్టి తానూ వింటాడు. అందుకే ఇక కాగితమే. అంగన్‌వాడీలో ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించినదానివి, నీకు ఇంకొకరు చదివి వినిపించాల్సిన పని లేదు.

నేను చేసే పనేమిటో నా నోటినుంచే విను. సెలవు రోజుల్లో వైజాగు నుంచీ ఇంకా దూరం నుంచీ జనం వస్తారు. తెల్లవారగానే వాళ్లను వెంటబెట్టుకుని అడవిలో దిగుతాను. మన దగ్గర అడవంటే తుమ్మ, రేగు కంప, కాళ్లకింద కాలే రాయి. ఇక్కడ అడవిలో ఆకులన్నీ తడిగా ఉంటాయి. బండల మీద నాచు, చెట్లకు చుట్టుకున్న తీగలు, ఎండ నేలదాకా దిగదు. అడవి దాటితే జీడిమామిడి తోటలు, ఆ తర్వాత సరుగుడు తోపు. తోపులో నడుస్తున్నప్పుడే హోరు వినబడుతుంది, కానీ ఏమీ కనబడదు. తోపు అయిపోయాక ఎర్రమట్టి గట్టు ఎక్కుతాం. గట్టు కొసకు చేరేసరికి, అమ్మా, కింద సముద్రం! ఎన్నిసార్లు చూసినా నా కాళ్లు ఆగిపోతాయి. అక్కడే కూర్చుని తెచ్చుకున్నది తిని, అటువైపు దిగి, ఒడ్డు పట్టుకుని సాయంత్రానికి ఊరు చేరతాం. రాయి జారే చోటు, పాము ఉండే చోటు, అల ఎక్కే చోటు నాకు తెలుసు. దానికి వాళ్లు నాకు డబ్బులిస్తారు. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?

వచ్చిన కొత్తలో నేను చేసిన ఘనకార్యం చెబితే నవ్వుతావు. ఒకరోజు ఒడ్డున ఒక్కదాన్నే పోతుంటే నీళ్లు దారికి అడ్డం వచ్చేశాయి. మన ఊళ్లో వంక వస్తే ఏం చేస్తాం? గట్టున కూర్చుంటాం, కాసేపటికి నీళ్లు తీస్తాయి, దాటి పోతాం. నేనూ అట్లాగే ఒక బండెక్కి కూర్చున్నాను. అవి తీయకపోగా నా నడుము దాకా వచ్చాయి. చేపలమ్మే పోలమ్మ గట్టు మీంచి చూసి, "ఏటమ్మా, సముద్రం ఎండిపోద్దని కూకున్నావేటి? లెగు, లెగు!" అని కసిరి, చెయ్యి పట్టి పైకి లాగింది. గట్టు మీది కాలిబాట నాకు చూపించింది ఆమే. ఆ బాటే ఇప్పుడు నాకు కూడు పెడుతోంది.

నాయన ఏమన్నా అననీ, నేను మాత్రం రాను. నువ్వేమంటావో రాయి.

నువ్వు ఎత్తుకుని పెంచిన
సుజన


సుంకేపల్లె, ఎమ్మిగనూరు తాలూకా,
2 డిసెంబరు 2024

సుజనకు,

నీ జాబు అందింది. పోస్టాయన చేతికిస్తూ "ఏం గిడ్డమ్మా, నీకు గూడా జాబులు రాసేటోళ్లు ఉండారా?" అని ఎగతాళి చేసినాడు. "నీకు లేరని ఏడుస్తాండావా?" అంటిని. నోటితో తిట్టేటప్పుడు మన తెలుగు, కలం పట్టుకుంటే బడి తెలుగు వస్తుంది నాకు. వింతగా ఉంటే సర్దుకో.

నువ్వు కొండలెక్కితే నాకేం నొప్పి లేదు. ఎవరితో తిరిగినా నీ బుద్ధి నీకుంది. మీ నాయన ఏడుపు వేరు, నా ఏడుపు వేరు. నడిచేవాళ్ల దగ్గర దుడ్లు తీసుకుంటున్నావా? ఆ ముక్క దగ్గరే జాబు మడిచేసినాను. రొట్టెలు చేస్తూ మళ్లీ తీసి చదివినాను, ఒక రొట్టె మాడిపోయింది.

మన ఇల్లు ఏ ఇల్లు? ఉగాదికి ముందు కన్నడం మనుషులు మల్లయ్య దగ్గరికి, శ్రీశైలానికి, మన వాకిలి మీదుగానే నడిచిపోతారు. మీ తాత, ఆయన నాయన, అందరూ వాకిట్లో పందిరి వేసినవాళ్లే. వచ్చినవాళ్లకు మజ్జిగ పోస్తాం, ఉగ్గాని పెడతాం. వేణ్నీళ్లు కాచి కాళ్లు కడిగి, పగిలిన మడమలకు ఆముదం రాస్తాం. ఎవరు, ఏ కులం అని అడిగిన పాపాన పోలేదు. పోతూ పోతూ వాళ్లేమన్నా చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కుంటాం. అట్లాంటి ఇంటి పిల్లవు, నడిచేవాళ్ల ముందర చెయ్యి చాపుతావా? తాత ఉంటే ఏమనేవాడో తలుచుకో.

ఇంకోమాట. అంత దూరం నడిస్తే చివర ఏ దేవుడున్నాడు? నువ్వు రాయనేలేదు. ఉత్త సముద్రం చూడడానికైతే బస్సు పోదా?

ఒక సీసా ఆముదం పార్సిలు చేసినాను. నీకు కాదు, నీ వెంట నడిచేవాళ్లకు. ఊరికే రాయి, దానికి కూడా దుడ్లు అడిగేవు.

గిడ్డమ్మ


భీమిలి,
15 డిసెంబరు 2024

అత్తా,

ఆముదం అందింది. మూత ఊడి సగం అట్టపెట్టె తాగేసింది. పక్కనున్న ఎవరివో పెళ్లిపత్రికలకు కూడా అంటిందట, పోస్టాఫీసులో ఆ తిట్లన్నీ నేనే తిన్నాను. మిగిలింది దాచాను.

చివర ఏ దేవుడూ లేడు. ఉన్నాడని చెప్పి ఎవరినీ తీసుకుపోవడం లేదు. ఒకాయన బీపీ తగ్గుతుందని వస్తాడు. ఇద్దరు దంపతులు ఇంట్లో మాట్లాడుకోరట, ఇక్కడ దారి పొడుగునా మాట్లాడుకుంటారు. బ్యాంకులో పనిచేసే ఒకామె ప్రతి నెలా వస్తుంది. అడవిలో ఒక్క మాటా మాట్లాడదు. గట్టు కొసకు రాగానే సముద్రం చూసి ఏడుస్తుంది, కళ్లు తుడుచుకుని పులిహోర డబ్బా తీసి అందరికీ పెడుతుంది. ఎందుకు ఏడుస్తావని నేనడగను. బస్సులో పోతే ఆమెకు ఆ ఏడుపు వస్తుందంటావా?

మీరు పందిరి వేసేది ఏడాదికి కొన్నాళ్లు. మిగతా రోజులకు మీకు చేనుంది. నాకు ఇదే చేను. తాడు, మందుల పెట్టె, బూట్లు, గది అద్దె ఇవన్నీ ఎవరిస్తారు? నేను చెయ్యి చాపడం లేదు, కష్టపడి పని చేస్తున్నాను. నీ కోపం అన్యాయం.

అడగకూడదనుకున్నా అడుగుతున్నాను. ఊరందరికన్నా ఎక్కువమంది కాళ్లు కడిగావు కదా, నువ్వెప్పుడైనా నడిచావా? శ్రీశైలం దారి మన వాకిట్లోంచే పోతుంది. "పందిరి వేసిన ఇంటివాళ్లు నడవరు, వచ్చేవాళ్లను చూసుకోవాల" అని తాత అన్నాడని ఒక్కసారి కూడా పొలిమేర దాటలేదు. నడక అంటే ఏమిటో ఎరగనిదానివి, నాకు నడకలో పాపపుణ్యాలు చెప్పొద్దు.

సుజన


సుంకేపల్లె,
6 జనవరి 2025

సుజనకు,

జాబు అందింది. మీ నాయన కులాసా. కంది కోసినాం. ఎర్రావు ఈనింది, కోడెదూడ.

ఇంక రాయడానికేమీ లేదు.

గిడ్డమ్మ


భీమిలి,
20 ఫిబ్రవరి 2025

అత్తా,

నీ చివరి జాబు తర్వాత రెండు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. కోపముంటే ఉంచుకో. ఇది మాత్రం చదువు.

నీకూ నాయనకూ కావాల్సిందే జరిగింది. గట్టు మీద ఎవరో పెద్దమనిషి రిసార్టు కడుతున్నాడు. సరుగుడు తోపు అయిపోయే చోట, కాలిబాటకు అడ్డంగా ఇనుప తీగ కంచె వేశాడు. "ప్రైవేటు స్థలం. దారి లేదు" అని బోర్డు పెట్టాడు. పోలమ్మ, ఆమె అత్త, ఆమె అత్తకు అత్త, అందరూ చేపల గంపలు నెత్తిన పెట్టుకుని నడిచిన బాట అది. ఇప్పుడు వాళ్లు రోడ్డు చుట్టూ తిరిగి ఆటోలో పోవాలి, ఆటోవాడు గంపలు ఎక్కించుకోనంటాడు.

ఆ బాట లేకపోతే నా పనీ లేదు. అడవిలో పొద్దంతా నడిచి, హోరు విని, సముద్రం కనబడే ముందు వెనక్కి తిరగాలి. పోయిన ఆదివారం అట్లాగే తిప్పాను. బ్యాంకు ఆమె తీగ పట్టుకుని అవతలికి చూస్తూ నిలబడింది. "పదండి" అన్నాను. ఆమె ఏడవలేదు, నేను ఏడ్చాను. ఆఫీసులో అర్జీ ఇచ్చాను, చూస్తామన్నారు. ఆ చూపు నాకు తెలుసు.

గెలిచావని నాయనకు చెప్పు. ఆదోనిలో ఏదో దుకాణంలో లెక్కలు రాసే పని ఉందన్నాడు కదా, చేస్తాను. ఉగాదికి ముందే వచ్చేస్తాను. పందిరిలో కాళ్లు కడగడానికి నీకూ ఒక మనిషి దొరికింది.

సుజన


సుంకేపల్లె,
4 మార్చి 2025

మ్మే సుజనా,

దారి లేదని బోర్డు రాసినాడా? కళ్ల ముందర దారి పెట్టుకుని లేదని రాసేవాడు ఎవడు వాడు? వాడికి కళ్లు లేవా, సిగ్గు లేదా?

నేను జవాబు రాయకపోతే నీమీద కోపమనుకున్నావు. కోపమేలే. నువ్వు అడిగిన మాట ముల్లు దిగినట్టు దిగింది. "నువ్వెప్పుడైనా నడిచావా?" నాలుగు రోజులు మజ్జిగ చిలికినా అదే మాట, రొట్టె కాల్చినా అదే మాట. అయిదోరోజు పొద్దున లేచి చేను గట్టు మీద నడిచినాను. మర్నాడు వంక దాకా పోయినాను. ఇప్పుడు పక్క ఊరి దాకా పోయి వస్తున్నాను. "పొద్దున్నే యాడికి పోతాండావు అక్కా?" అని మీ నాయన అడిగితే "దూడకు గడ్డి" అంటున్నాను. వాడు గడ్డి మోపు యాడుందని చూడడు కదా. ఇన్నాళ్లూ నేను చేసింది అదీ, నీ మీద అలగడం కాదు. నడిచొచ్చి ఇంటిపని ముగించేసరికి కలం పట్టే ఓపిక ఉండదు.

మన దగ్గర ఫాల్గుణం వస్తే ఏం చేస్తారో మరిచినావా? నడిచేవాళ్లు వస్తున్నారంటే చేనికి వేసిన ముళ్లకంపను రైతులే పక్కకు లాగి, ఎగిరిపోకుండా మీద రాయి పెడతారు. చివరి మనిషి దాటినాక మళ్లీ వేస్తారు, గొడ్లు దూరకుండా. ఒక ఏడు ఓబుళేశు మిరప చేను నలుగుతుందని కంప తీయలేదు. మీ అవ్వ పోయి చేతులతో లాగింది. ముళ్లు దిగి రక్తం కారుతుంటే "నడిచేటోళ్లకు అడ్డం పడతావేమప్పా? ఈ దారి కంటే ముందు పుట్టిందా నీ చేను?" అనింది. వాడు తల వంచుకుని తానే రాయి తెచ్చి పెట్టినాడు.

ఆ అవ్వ మనవరాలివి, దుకాణంలో లెక్కలు రాస్తానని వస్తున్నావు. వస్తే తలుపు తీయను. పందిరిలో నీకు చోటు లేదు. ఆడనే ఉండు. ఉగాది పోయి పందిరి విప్పినాక నేనే వస్తాండా.

గిడ్డమ్మ


భీమిలి,
13 మార్చి 2025

అత్తా,

నువ్వు రావద్దు. కాళ్లు పట్టుకుంటాను, రావద్దు.

అది కంప కాదు, ఇనుప తీగ. అతను ఓబుళేశు కాదు, వకీళ్లున్న మనిషి. కాపలా పెట్టాడు, కెమెరా పెట్టాడు. కంచె ముట్టుకుంటే కేసంటాడు. మన ఊరి పద్ధతి ఈ ఊరికి తెలియదు. ఆదోని పని నాకొద్దులే, ఇక్కడే ఇంకేదో చూసుకుంటాను. రావాలనిపిస్తే సముద్రం చూడడానికి రా. కంచె జోలికి మాత్రం రాకు.

సుజన


సుంకేపల్లె,
16 ఏప్రిల్ 2025

సుజనకు,

నిన్న పొద్దున రైలు దిగి, బస్సులో ఇల్లు చేరినాను. మీ నాయన అరుగు మీద కాపు కాసినాడు. "మహానందికి పోయొస్తానని చెప్పి సముద్రానికి పోయినావంట?" అన్నాడు. "ఆడా నీళ్లే, ఈడా నీళ్లే. మునిగేదానికి ఏదైతేనేమప్పా?" అన్నాను. వాడికి నవ్వొచ్చింది, కానీ బయటపడలేదు.

కంచె దాకా పోయి వెనక్కి తిరుగుదామని నిన్ను ఒప్పించి బయలుదేరదీసిన ఆరోజు, నువ్వు వెనకెక్కడో బీపీ ఆయనను నడిపించుకుంటూ వస్తున్నావు. ముందు నేనూ పోలమ్మా కంచె దగ్గర ఏం చేసినామో నువ్వు చూడలేదు. అడిగినా చెప్పలేదు, చెబితే అక్కడే తిడతావని. ఇప్పుడు తిట్టినా నాకు వినబడదు.

కాపలావాడు ఎండలో నిలబడి ఉన్నాడు. "యాడికి పోతాండావు పెద్దమ్మా? ఈడ దారి లేదు" అన్నాడు. అంత దూరంలో మన పక్క యాస చెవినపడితే నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏ ఊరప్పా నీది?" అన్నాను. బద్వేలంట, పేరు ఏసేపంట. పని వెతుక్కుంటూ అంత దూరం వచ్చినాడు. చెంబు మూత తీసి మజ్జిగ పోసినాను. తాగి, "పెద్దమ్మా, కంచె తీస్తే నా పని పోతాది" అన్నాడు. "నువ్వు తీయొద్దు, నేనే తీస్తా. చివరి మనిషి దాటినాక నేనే వేస్తా. మీ గొడ్లు యాడికీ పోవు" అన్నాను. వాడు నవ్వి "ఈడ గొడ్లే లేవు పెద్దమ్మా" అన్నాడు. "మరి కంచె ఎందుకప్పా?" అన్నాను. వాడు అటు తిరిగి నిలబడినాడు.

తీగ ఊడదీసి, చుట్టి, మీద రాయి పెట్టినాను. పోలమ్మ వాళ్లు గంపలతో దాటినారు, నీవాళ్లు దాటినారు, నువ్వు దాటినావు. కంచె తెరిచి ఉండడం చూసి నువ్వు నోరు తెరిస్తే నడువు నడువు అని తోసినాను, గుర్తుందా? చివరికి నేను దాటి, తీగ మళ్లీ కట్టినాను. నాలాగా కట్టేవాళ్లు ఆ ఊళ్లో ఉండరు.

చివర ఏ దేవుడున్నాడని నిన్నడిగినాను కదా. గట్టు కొసన నిలబడినాక ఆ మాట నాకే గుర్తు రాలేదు. కింద అంతా నీళ్లు, అవతల గట్టే లేదు. గాలికి కొంగు నిలవడం లేదు. నా నోట్లోంచి "మల్లయ్యా!" అని కేక వచ్చింది. పందిట్లో కూర్చుని ఇన్నేళ్లూ వేరేవాళ్ల నోట విన్న కేక అది. బ్యాంకు ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఏడ్చినాం. ఎందుకని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు.

కిందికి దిగినాక నన్ను బండ మీద కూర్చోబెట్టి నువ్వు నా కాళ్లు కడిగినావు. నేను పంపిన ఆముదం నా మడమలకే రాసినావు. పుట్టి బుద్ధెరిగినాక నా కాళ్లు ఎవరూ కడగలేదు సుజనా. రైల్లో అదే తలుచుకుంటూ వచ్చినాను.

గిడ్డమ్మ


భీమిలి,
12 మే 2025

అత్తా,

నేను భయపడిందే అయింది. కేసు పెట్టారు. కాగితంలో మొదటి పేరు నీది, రెండోది నాది. కెమెరాలో అంతా ఉంది. రాయి పెట్టేటప్పుడు నువ్వు కెమెరా వైపు చూసి నవ్వావు కూడా. అది లైటు అనుకున్నావా? నువ్వు కట్టిన ముడి విప్పలేక వాళ్లు పట్టకారు తెప్పించుకున్నారట, ఆ కోపం కూడా ఉంది.

ఓనరు మనిషి నిన్న నా గదికి వచ్చాడు. ఒక కాగితం తెచ్చాడు. "మాది పొరపాటు. అక్కడ దారి లేదు. తెలియక దాటాం" అని ఇద్దరం సంతకం చేస్తే కేసు వదిలేస్తారట. చేసెయ్యి అత్తా. నేనూ చేస్తాను. మోకాళ్ల నొప్పులతో నువ్వు ఈ వయసులో కోర్టు మెట్లెక్కడం నేను చూడలేను. నిన్ను ఆ కాగితంలోకి ఎక్కించింది నేనేనని నాకు నిద్ర పట్టడం లేదు. ఇక్కడ కాకపోతే నడిపించడానికి ఇంకో కొండ చూసుకుంటాను.

పోలమ్మ వాళ్లు మాత్రం రోజూ తీగ తీసి, రాయి పెట్టి, దాటి, మళ్లీ కట్టి పోతున్నారు. ఎవరు నేర్పారే అంటే "మీ యత్త" అంటున్నారు. ఏసేపు అటు తిరిగి నిలబడుతున్నాడు. నువ్వు సంతకం చేస్తే వాళ్లకెట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు. అయినా చెయ్యి. కాగితం ఇందులోనే పెట్టాను.

నీ
సుజన


సుంకేపల్లె,
23 మే 2025

కోడలా,

కాగితం చేరింది. సంతకం చేయను.

"మాది పొరపాటు" అన్నంతవరకే అయితే ఆలోచించేదాన్నేమో. ముసలిదాన్ని, ఒక మాట అనేస్తే నాకు పోయేదేమీ లేదు. కానీ "అక్కడ దారి లేదు" అని నా చేత రాయిస్తారా? ఆ దారిన నేను నడిచినాను. ఇన్నేళ్ల బతుకులో నేను నడిచిన దారి అదొక్కటే. అది లేదంటే నేను నడవలేదనే కదా. చచ్చినా రాయను. నువ్వు రాసినావో, నా మొహం చూడొద్దు. పోలమ్మ మొహం ఎట్లాగూ చూడలేవు.

నా మోకాళ్ల గురించి నువ్వు ఏడవొద్దు. రోజూ పక్క ఊరికి పోయి వస్తున్న మోకాళ్లు, కోర్టు మెట్లు వాటికొక లెక్కా? ఇప్పుడు గడ్డి పేరు చెప్పడం లేదు. "నడిచేదానికి పోతాండా" అనే చెబుతున్నాను.

మీ నాయనకు కాగితం చదివి వినిపించినాను. అరుస్తాడనుకున్నాను. చాలాసేపు తువ్వాల మడతపెడుతూ కూర్చున్నాడు. తర్వాత "వాయిదాకు నేనూ వస్తా అక్కా" అన్నాడు. "నువ్వెందుకప్పా?" అంటే "ఆ కంచె యాడుండాదో సూడాల" అన్నాడు. వచ్చేటప్పుడు వాడి ఫోను నా సంచిలో పెట్టుకుంటాను, ఒప్పుకున్నాడు. అయినా నీకు జాబే రాస్తాను.

దుడ్ల సంగతి కూడా తేల్చేస్తున్నాను. నడిచేవాళ్ల దగ్గర తీసుకో. నీకు అదే చేను అన్నావు కదా, ఒప్పుకుంటున్నాను. ఆముదం మాత్రం ఊరికే రాయాల. ఇంకో సీసా తెస్తున్నాను, ఈసారి మూత మైనంతో బిగించినాను.

వాళ్ల కాగితం వెనకవైపు తెల్లగా ఉంటే ఈ జాబు దాని మీదే రాసినాను. తిప్పి చూసుకో. వాయిదా ఎప్పుడో తెలిస్తే రాయి. కోర్టు పని ముగిసినాక బస్సు ఎక్కను. అడవిలోంచి, తోపులోంచి, ఆ కంచె దాటి, గట్టు మీదుగానే వస్తాను. కింద ఒడ్డున ఒక పందిరి వెయ్యి. మజ్జిగ నువ్వు పొయ్యి, నీళ్లు నువ్వు కాచు. నడిచేది నేను.

గిడ్డమ్మ